బాలే మాటలతో తెలుగు గళ్ళనుడికట్టు కూర్చడం ఎలా?

తిరుపతిలో నాట్యపాఠశాలల వార్షికోత్సవ సంచికల్లో అతిథుల సందేశాలు, పిల్లల ఫోటోలు, ప్రకటనలు నిండుగా ఉంటాయి గాని, చదివేవారి చేత పెన్సిలు పట్టించే పేజీ అరుదుగా కనిపిస్తుంది. మహతి కళాక్షేత్రంలో తెర లేచేలోపు కూర్చునే తల్లిదండ్రులకూ, అలంకరణ పూర్తిచేసుకుని తమ వంతు కోసం ఎదురుచూసే పిల్లలకూ ఒక గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) అందించగలిగితే అది అందరూ కలిసి పూరించే పేజీ అవుతుంది. దానికి ఇతివృత్తంగా బాలే అనే పాశ్చాత్య నృత్యాన్ని ఎంచుకోమని నా సలహా. కూచిపూడి, భరతనాట్యం మాటలు మన పిల్లలకు కంఠోపాఠం కనుక వాటితో కూర్చిన ఆధారాలు చప్పున విడిపోతాయి. బాలే అయితే వారు ఇంకా చూడని ఒక నాట్యలోకపు తలుపు తెరుచుకుంటుంది. అయితే ఇందులో కూర్పరి విడువకూడని షరతు ఒకటి ఉంది. జన్మలో బాలే చూడనివారు కూడా తెలుగు తెలిసిన బలంతోనే దాదాపు ప్రతి గడినీ నింపగలగాలి. ఆ షరతు చెడకుండా పని మొదటినుంచి చివరిదాకా ఎలా నడపాలో వివరిస్తాను.

మాటల పట్టీ

ముందుగా ఒక కాగితం మీద మాటలు రాసుకోండి. గళ్ళు గీయడం తరువాతి పని. మూడింట ఒక వంతు బాలేకు చెందినవి, మిగిలినవి నాట్యానికీ రంగస్థలానికీ సామాన్యమైన తెలుగు మాటలు ఉంటే పొందిక బాగుంటుంది. బాలే, టూటూ, జిజెల్, పిరువెట్, బారు, డెగా (బాలే కన్యలను గీసిన చిత్రకారుడు), పావ్లోవా (రష్యా నర్తకి) ఒకవైపు. హంస, సరస్సు, రాకుమారుడు, పాదం, లయ, తాళం, ముద్ర, నటన, సాధన మరొకవైపు రాసుకోవచ్చు.

రాసిన ప్రతి బాలే మాట పక్కన, మీరు ఖాయంగా ఎరిగిన సంగతిని ఒక్క వాక్యంలో చేర్చండి, ఎందుకంటే ఆధారం రేపు ఆ వాక్యంలోనుంచే పుడుతుంది. ‘జిజెల్’ అనే బాలే 1841లో పారిస్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. చైకోవ్‌స్కీ సంగీతం కూర్చిన ‘హంసల సరస్సు’ 1877లో మాస్కోలోని బోల్షోయ్ రంగశాలలో వెలుగు చూసింది. మాంత్రికుడి శాపంతో హంసగా మారిన ఒడెట్‌ను సీగ్‌ఫ్రీడ్ అనే రాకుమారుడు ప్రేమించడం దాని కథ. ఆయనే స్వరపరచిన ‘నట్‌క్రాకర్’ 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి ఆడింది. పిరువెట్ అంటే ఒంటికాలిపై నిలిచి గిరుక్కున తిరగడం. బారు అంటే సాధన గదిలో గోడ వెంబడి నడుము ఎత్తున అమర్చిన కమ్మీ. టూటూ అంటే నర్తకి తొడిగే వలపొరల గౌను. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. నర్తకి మారీ తాల్యోనీ 1832లో ‘లా సిల్ఫీడ్’ అనే బాలేలో ధరించినది పిక్కల దాకా జారే పొడవాటి రకం, నడుము దగ్గర చక్రంలా విచ్చుకునే పొట్టి రకం ఆ తరువాత వచ్చింది, అందువల్ల ఆధారంలో ‘పొట్టి గౌను’ అని రాస్తే సగమే నిజం చెప్పినట్లవుతుంది.

వర్ణక్రమం కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1661లో నాట్య అకాడమీని స్థాపించిన నాటినుంచి బాలే పరిభాష ఫ్రెంచిలోనే స్థిరపడింది, ఆ భాషలో చివరి హల్లులు చాలాచోట్ల పలకవు. ఇంగ్లీషు స్పెల్లింగును చూసి రాస్తే బాలే కాస్తా ఓట్లు వేసే బ్యాలెట్ అయి కూర్చుంటుంది, చిత్రకారుడు డెగా పేరుకు లేని ‘స్’ ఒకటి అంటుకుంటుంది. చెవికి వినిపించినట్లు రాసుకుని, ఒక మాటకు ఒకే రూపాన్ని మొదటినుంచి చివరిదాకా పాటించండి.

గడికి ఒక అక్షరం

శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నా, ఆరుద్ర గళ్ళనుడికట్టు అన్నా, మన దినపత్రికలు పదకేళి అన్నా ఆటకు మూలసూత్రం ఒకటే: గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన పూర్తి అక్షరం ఒక గడిలో ఉంటుంది. సరస్సు అంటే స, ర, స్సు, మూడు గళ్ళు. హంస అంటే హం, స, రెండు గళ్ళు. చిక్కు వచ్చేది పొల్లుతో ముగిసే పరభాషా పదాలతోనే. చివరి పొల్లుకు వేరే గడి ఇవ్వడం మేలు; అప్పుడు జిజెల్‌కు మూడు, పిరువెట్‌కు నాలుగు గళ్ళు పడతాయి. ఏ పద్ధతి పాటించినా దాన్ని గళ్ళపటం పైన ఒక వాక్యంలో ప్రకటించండి. చైకోవ్‌స్కీ వంటి పేర్లను మాత్రం గళ్ళలోకి తేకండి. ‘వ్‌స్కీ’ని ఒక గడిలో రాయాలా, రెండింటిలోనా అని పూరించేవారు తర్జనభర్జన పడతారు, ఆ సందేహంలో ఆనందం ఏమీ లేదు.

అడ్డం మాటా నిలువు మాటా కలిసే గడిలో అక్షరం గుణింతంతో సహా ఒకటే కావాలి. నటనలోని ‘ట’ మీదుగా టూటూను దించలేరు, ‘ట’ వేరు, ‘టూ’ వేరు. ‘న’, ‘నం’ కూడా కలవవు. తెలుగు గళ్ళు ఇంగ్లీషు గళ్ళంత దట్టంగా అల్లుకోలేకపోవడానికి కారణం ఇదే. కనుక 15 గళ్ళ పటం జోలికి పోకుండా తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు ఉన్న 81 గళ్ళ పటంతో మొదలుపెట్టండి. తెలుగు మాటలు చాలావరకు రెండు నుంచి ఐదు అక్షరాలలో ముగుస్తాయి కాబట్టి ఆ జాగా చాలు.

మొండి మాటను ముందు నిలపండి

కలవడానికి మొండికేసే మాటను మొదట పటంలో పెట్టి, దాని చుట్టూ మెతక మాటలను అల్లాలి. పావ్లోవాను తీసుకుందాం. పా, వ్లో, వా అనే మూడు అక్షరాలలో నడిమి ‘వ్లో’తో కలిసే తెలుగు మాట దొరకదు, వెతికి ప్రయోజనం లేదు. పేరును నిలువుగా నిలిపి ‘వ్లో’ పక్కన నల్లగడి వేయండి. పైనున్న ‘పా’ నుంచి అడ్డంగా ‘పాదం’ నడుస్తుంది. కింది ‘వా’ నుంచి అడ్డంగా ‘వాహనం’ నడుస్తుంది. పాదంలోని ‘దం’ పైన ‘నా’ చేర్చితే నిలువుగా ‘నాదం’ ఏర్పడుతుంది, ఆ ‘నా’ నుంచి అడ్డంగా ‘నాట్యం’ సాగుతుంది. గీసి చూస్తే ఇలా ఉంటుంది:

■ నా ట్యం
పా దం ■
వ్లో ■ ■
వా హ నం

ఇప్పుడు రష్యా నర్తకి పేరు తెలియనివారికి కూడా మూడు గళ్ళలో రెండు తెలుగు మాటల ద్వారానే నిండుతాయి, మిగిలేది ఒక్క గడి. పరాయి పేరు పెట్టిన ప్రతిచోటా ఈ ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. రెండు పరాయి పేర్లు ఒకదాన్నొకటి ఖండించుకునేలా మాత్రం ఎన్నడూ పెట్టకండి, ఆ గడి దగ్గర పూరించేవారికి ఊహ తప్ప మరో దారి ఉండదు.

అంకెలు వేయడం సులువు. పై వరుసనుంచి కిందికి, ప్రతి వరుసలో ఎడమనుంచి కుడికి వస్తూ, మాట మొదలయ్యే గడికి వరుస సంఖ్య ఇవ్వాలి. పై ముక్కలో ‘నా’కు 1, ‘పా’కు 2, ‘వా’కు 3 వస్తాయి, ఒకటీ రెండూ అడ్డానికీ నిలువుకూ కూడా ఆధారాలు కోరుతాయి, మూడు అడ్డానికి మాత్రమే.

ఆధారాలు రాయడం

అసలు పని ఇక్కడుంది, మీ సమయంలో సగానికి పైగా దీనికే కేటాయించాలి. మంచి ఆధారంలో రెండు దారులుంటాయి: ఒకటి అర్థం, రెండోది అక్షరాలతో ఆట. రెండూ ఒకే జవాబు దగ్గరికి చేరాలి. అర్థం వాక్యానికి మొదట గాని చివర గాని ఉండాలి, నడుమ ఇరుకుకూడదు. ఆటలో పాలుపంచుకోని మాట ఒక్కటి కూడా మిగలకూడదు. చివర కుండలీకరణంలో అక్షరాల సంఖ్య ఇవ్వాలి.

ఇతివృత్తం పేరుతోనే మొదలుపెడదాం.

బాగా లేదు! సగం సగమే చూసిన పాశ్చాత్య నృత్యం (2)

‘బాగా’లో సగం ‘బా’, ‘లేదు’లో సగం ‘లే’, కలిపితే బాలే. చదివేటప్పుడు ఎవరో ప్రదర్శన మధ్యలో లేచి వచ్చేసినట్లు వినిపిస్తుంది, విప్పి చూస్తే ప్రతి మాటా తన పని తాను చేసింది. బాలే అంటే ఏమిటో తెలియని తాతగారు కూడా రెండు సగాలు కలిపి గడి నింపగలరు. నేను షరతు అన్నది దీన్నే.

దాగుడుమూతల రకం పిల్లలకు బాగా నచ్చుతుంది. పక్కపక్కనున్న రెండు మాటల సరిహద్దులో గాని, ఒకే మాట లోపల గాని జవాబు దాగి ఉంటుంది.

సింహం సన్నిధిలో దాగిన తెల్లని పక్షి (2)

నా దండలో దాగిన శబ్దం (2)

శేషాచలం అడవుల్లో దాగిన నాట్యపు తొలి పాఠం (3)

మొదటిదానికి హంస, రెండోదానికి నాదం, మూడోదానికి అడవు. ఇటువంటి ఆధారంలో ‘దాగిన’, ‘లోపల’, ‘నడుమ’ వంటి సూచన తప్పక ఉండాలి. ‘ఆలయ ముఖం దాటాక తాళానికి తోడు (2)’ అన్నప్పుడు మొదటి అక్షరం తీసివేయమని ‘ముఖం దాటాక’ అనే మాటలే చెబుతున్నాయి; మిగిలేది లయ.

రెండర్థాల ఆధారంలో అక్షరాలను కదపనక్కరలేదు, ఒకే మాటను రెండు దిక్కుల నుంచి చూపిస్తే చాలు. ‘ఇంటికీ వేస్తాం, పాటకూ వేస్తాం (2)’ అంటే తాళం. ‘సాంబారు తరువాత వడ్డించేది, నాట్యంలో తొమ్మిది (2)’ అంటే రసం. చారు అనే ఊళ్ళలో ఇది కాస్త ఆలస్యంగా తట్టవచ్చు గాని, తమిళనాడు సరిహద్దున ఉన్న మన చిత్తూరు, తిరుపతి ఇళ్ళలో విస్తరి ముందు కూర్చున్నంత తేలిక. ‘అన్నమయ్య సంకీర్తన చివర ఉండేది, నర్తకి చేతిలోనూ ఉండేది (2)’ అంటే ముద్ర. వేంకటేశ ముద్రను ఎరిగిన ఊరివాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు. బాలేకు మన ఊరినుంచి దారి వేయడానికి ఈ రకాన్ని మించినది లేదు.

సర్వదర్శనానికి భక్తులు తీరేది, సాధనలో బాలే నర్తకి పట్టుకునేది (2)

బ్రహ్మోత్సవాల్లో రెండో రాత్రి స్వామిని మోసేది, చైకోవ్‌స్కీ సరస్సులో ఈదేది (2)

బారు, హంస. రెండో ఆధారంలో తిరుమల మాడవీధులూ మాస్కో రంగశాలా ఒకే పక్షి దగ్గర కలుసుకున్నాయి. ఇలాంటి కలయిక దొరికినప్పుడు దాన్ని మరో ఆటతో బరువెక్కించకుండా అలాగే వదిలేయాలి. హంసకు రెండు ఆధారాలు రాశాను కదా అని రెండూ అచ్చు వేయకండి. పిల్లలకైతే సింహం సన్నిధి, పెద్దలకైతే వాహనం.

మాటలను ముక్కలుగా చేర్చే రకానికి తెలుగు సంధులూ సమాసాలూ పుష్కలంగా సరుకు ఇస్తాయి.

‘ఇటు రావద్దు’ అన్నాక మన్మథుడు చేరి హంసను వలచినవాడయ్యాడు (5)

‘రాకు’ తరువాత ‘మారుడు’ చేరితే రాకుమారుడు. ఒడెట్, సీగ్‌ఫ్రీడ్‌ల కథ వినివుంటే అర్థం వైపునుంచి వస్తారు, వినకపోతే మన్మథుడికి మారుడనే పేరు గుర్తుచేసుకుని వస్తారు. ‘సాగదీసిన షడ్జమం పక్కన డబ్బు, నర్తకి రోజూ చేసేది (3)’ అన్నది సాధన. ఇక్కడ ‘సాగదీసిన’ అనే మాట లేకపోతే ‘స’ ‘సా’ ఎలా అయిందని పూరించేవారు నిలదీయవచ్చు, వారి మాట న్యాయమే అవుతుంది. ‘రాజునట! తడబడి తాండవమాడాడు (4)’ అన్న ఆధారంలో రాజు, నట అనే ముక్కలు తారుమారై నటరాజు ప్రత్యక్షమవుతాడు. ‘ఎటునుంచి చూసినా అభినయమే (3)’ అంటే నటన.

తెలుగులో ఆధారం నిజాయితీ తేలేది దీర్ఘాల దగ్గరే, ఇక్కడే చాలామంది చూసీచూడనట్లు పోతారు. కీర్తనను వెనుకనుంచి చదివితే న, ర్త, కీ. అది నర్తకి కాదు, నర్తకీ. ‘కీర్తన తిరగబడితే నాట్యకత్తె’ అని రాసి, గడిలో హ్రస్వం వేయించుకుంటే పూరించేవారికి అన్యాయం చేసినట్లే. అయితే తెలుగులో పిలిచేటప్పుడు చివరి అచ్చు సహజంగానే సాగుతుంది కదా, దాన్నే ఆధారంలోకి తీసుకురండి.

అన్నమయ్య కీర్తన వెనుదిరిగి నాట్యకత్తెను పిలిచింది (3)

రోజూ దినపత్రికలో పదకేళి పూరించే ఒక విశ్రాంత తెలుగు పండితులకు ఈ ఆధారం చూపించాను. ఆయన ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ కీ, ర్త, న అని లెక్కపెట్టి, అదే వరుసలో వెనుకనుంచి విప్పుతూ పెదవులు కదిపి, గడిలో ‘కి’ అని హ్రస్వం రాశారు. పెన్సిలు ఎత్తి, ‘పిలిచింది’ అన్న మాట కింద గీత గీసి, గుడికి దీర్ఘం చేర్చి, అప్పుడు తలెత్తి చూశారు. ఆధారంలోని చివరి మాట కూడా తన బరువు తాను మోసిందనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు.

దీర్ఘాన్నే ఆటవస్తువుగా చేయడం కూడా సాధ్యమే. అది ఇంగ్లీషు గళ్ళకు లేని సౌకర్యం.

డేగ దీర్ఘం పక్కకు జరిగితే బాలే కన్యలను గీసిన చిత్రకారుడు (2)

‘డే’ మీది దీర్ఘం ‘గ’ మీదికి జరిగితే డెగా. ఫ్రెంచి చిత్రకారుడి పేరు విననివారు కూడా డేగను ఎరుగుదురు, ఏం చేయాలో ఆధారమే విప్పి చెప్పింది. చెప్పకుండా దీర్ఘాన్ని జరపడం మోసం, చెప్పి జరపడం ఆట. టూటూకు ‘రెండును ఇంగ్లీషులో రెండుసార్లు పలికితే బాలే నర్తకి గౌను (2)’ సరిపోతుంది.

అన్ని ఆధారాలనూ మెలిపెట్టనక్కరలేదు. పావ్లోవా, జిజెల్, పిరువెట్ వంటివాటికి ఆటకోసం తంటాలు పడకుండా సంగతిని సూటిగా చెప్పండి, ఆ సంగతి మాత్రం మనవారికి తగిలేదై ఉండాలి. ‘1923లో లండన్‌లో ఉదయశంకర్ కృష్ణుడిగా ఆడినప్పుడు రాధగా ఆడిన రష్యా నర్తకి (3)’ అంటే, పేరు తెలియకపోయినా ఎవరీవిడ అని వెతికి తెలుసుకోవాలనిపిస్తుంది. భరతనాట్యానికి కొత్త గౌరవం తెచ్చిన రుక్మిణీదేవి అరుండేల్ ముందు బాలే నేర్చుకున్నారనీ, ఆమెను మన నాట్యం వైపు చూడమని ప్రోత్సహించింది ఈ పావ్లోవాయే అనీ జవాబుల పేజీలో ఒక వాక్యం చేర్చితే నాట్యం నేర్చుకునే పిల్లలు దాన్ని మరచిపోరు. మొత్తంమీద సూటి ఆధారాలు సగం, మెలిక ఉన్నవి సగం ఉండేలా చూసుకోండి. పొరుగున కష్టమైనది ఉంటే పక్కనున్నది తేలికగా ఉండాలి. పావ్లోవా కిందనున్న వాహనానికి ‘మాడవీధుల్లో స్వామి ఊరేగేది (3)’ అంటే చాలు.

ఇద్దరి చేత పూరింపజేయండి

పటం పూర్తయ్యాక కనీసం ఇద్దరికి ఇవ్వాలి. ఒకరు పదకేళి అలవాటున్నవారు, మరొకరు నాట్యం తెలిసి గళ్ళు తెలియనివారు. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదివే పిల్లలు మీ ఎరుకలో ఉంటే రెండోవారి కోసం వేరే వెతకనక్కరలేదు. వారు పూరిస్తున్నంతసేపూ మీరు పక్కన కూర్చుని నోరు విప్పకుండా చూడండి. రబ్బరు ఎక్కడెక్కడ తిరిగిందో ఆ గడి సంఖ్య రాసుకోండి. ఇద్దరూ ఒకే చోట తుడిపితే ఆధారం తిరగరాయాలి. ఒక్కరే తుడిపితే ఆ గడిని ఖండించే మాటను తేలిక చేయాలి. ఒక ఆధారానికి వేరే జవాబు కూడా గళ్ళలో ఇమిడి, అర్థానికి సరిపోతే అది కూర్పరి పొరపాటే. పాదం వచ్చేచోట పదం కూడా చెల్లుతోందేమో ఒకసారి చూసుకోండి. ‘నర్తకికి ఆధారం’ అని మాత్రమే రాస్తే అనుమానం మిగులుతుంది, ‘పద్యంలో నాలుగో వంతు, నర్తకికి ఆధారం (2)’ అంటే పాదం తప్ప మరొకటి పట్టదు.

అచ్చుకు ఇచ్చే ముందు

గడి కొలత సెంటీమీటరుకు తగ్గితే ఒత్తులు రాయడానికి జాగా చాలదు. సంఖ్యను గడి ఎడమ పై మూలలో చిన్న అక్షరాలలో వేయించండి, లేకపోతే గుడికీ దీర్ఘానికీ అడ్డం వస్తుంది. జవాబుల పటాన్ని అదే పేజీలో తలకిందులుగా వేయకుండా సంచిక చివరి పేజీలో వేయించడం మంచిది. ఆ పటాన్ని కంప్యూటరులో కూర్చేటప్పుడు ఖతి (ఫాంటు) మారితే ‘వ్లో’ వంటి అక్షరం విడిపోయి ‘వ్ లో’గా పడుతుంది, గడి గీతకు తగిలి ‘స్సు’ కింది ఒత్తు తెగిపోతుంది. అందువల్ల ప్రెస్సువారు తెర మీద చూపించినదానితో తృప్తిపడకుండా కాగితం మీద ప్రూఫు తీయించుకుని, ఒక్కొక్క గడి మీద పెన్సిలు మొన ఆనించి అడ్డం మాటలన్నీ ఒకసారి, నిలువు మాటలన్నీ మరోసారి పైకి చదవండి. ఆ తరువాత ఆధారాల చివరనున్న అక్షరాల సంఖ్యలను గళ్ళతో సరిపోల్చి ప్రూఫు తిరిగి ఇవ్వండి.